లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షుపై వేసవి వేడిమి ప్రభావం – ఛార్జింగులో పాటించవలసిన జాగ్రత్తలు

విజయవాడ: కృష్ణా డెల్టాలో రోహిణి కార్తె ఎండలు మనుషులను, పశువులను బాధించినంత ప్రత్యక్షంగా బ్యాటరీలను బాధించినట్లు కనిపించవు. పైగా మే నెల మధ్యాహ్నం సెల్ఫు కొట్టిన వెంటనే లారీ ఇంజను అందుకుంటుంది. బ్యాటరీ బలంగా ఉన్నదని డ్రైవరు సంతృప్తి చెందుతాడు. అదే బ్యాటరీ శ్రావణ మాసపు ముసురులోనో, డిసెంబరు తెల్లవారుజామున చలిలోనో మొరాయించినప్పుడు నింద వాన మీదకో, చలి మీదకో పోతుంది. వాస్తవానికి దానికి దెబ్బ తగిలినది వేసవిలోనే. వేడిమి బ్యాటరీ శక్తిని తాత్కాలికంగా పెంచి, ఆయుష్షును శాశ్వతంగా తగ్గిస్తుంది. ఈ రెండు ఫలితాలూ ఒకే కారణం నుంచి పుట్టినవి కావడమే వినియోగదారులను, ఒక్కొక్కసారి అనుభవజ్ఞులైన మెకానిక్కులను సైతం పొరబాటుకు లోను చేస్తున్నది.

చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని ఆనుకొని 1960వ దశకంలో ఏర్పడిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ నిర్మాణం మొదలు లేత్ పనులు, కమాను కట్టలు, రేడియేటర్లు, ఎలక్ట్రికల్ మరమ్మతుల వరకు అన్నీ ఒకే ఆవరణలో జరుగుతాయి. కొత్త బ్యాటరీ అమ్మేవారు, పాతదానికి ఛార్జింగు పెట్టేవారు, పూర్తిగా పోయినదాన్ని తూకానికి కొనేవారు కూడా ఇక్కడివారే. బ్యాటరీల వాడకంలోనే గాక ఉత్పత్తిలోనూ ఈ రాష్ట్రానికి స్థానమున్నది. 1985లో ప్రారంభమైన అమర రాజా సంస్థ కర్మాగారం తిరుపతి సమీపాన కరకంబాడిలో ఉన్నది. అయితే బ్యాటరీ ఎంత నాణ్యమైనదైనా, అది ఎంతకాలం పనిచేస్తుందన్నది కర్మాగారం గేటు దాటిన తరువాత దానికి ఎదురయ్యే వేడిమిపైన, దానికి ఎక్కించే ఛార్జిపైన ఆధారపడి ఉంటుంది.

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మూలసూత్రం నేటికీ మారలేదు. ఒకవైపు సీసపు పలక, మరొకవైపు లెడ్ డయాక్సైడ్ పూసిన పలక, రెంటి నడుమ నీరు కలిపిన గంధకికామ్లం ఉంటాయి. బ్యాటరీ విద్యుత్తును ఇచ్చేటప్పుడు ఆమ్లంలోని సల్ఫేటు రెండు పలకలకూ పట్టుకొని ద్రవం పలుచబడుతుంది. ఛార్జి చేసినప్పుడు ఆ సల్ఫేటు తిరిగి ద్రవంలోకి చేరి ఆమ్లం చిక్కబడుతుంది. మెకానిక్కులు హైడ్రోమీటరుతో కొలిచే 'గ్రావిటీ' ఈ చిక్కదనమే. ఒక్కో గది సుమారు 2 వోల్టులు ఇస్తుంది. అటువంటి ఆరు గదులు కలిస్తే 12 వోల్టుల బ్యాటరీ అవుతుంది. లారీలలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు సమకూరుస్తారు.

ఇది రసాయన చర్య గనుక వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరుగుదలకు బ్యాటరీ ఇవ్వగల విద్యుత్తు ఇంచుమించు ఒక శాతం పెరుగుతుంది. ఎండాకాలంలో సెల్ఫు చురుకుగా తిరగడానికి కారణమిదే. కాని కావలసిన చర్యను వేగిరపరచే వేడిమి, అక్కరలేని చర్యలను అంతకంటె ఎక్కువగా వేగిరపరుస్తుంది. ధన పలకలోని సీసపు జాలీ తుప్పుపట్టి పొడిబారడం, ద్రవంలోని నీరు వాయువులుగా విడిపోవడం, వాడకుండా ఉంచిన బ్యాటరీ తనంతట తానే ఖాళీ కావడం అటువంటివి. బ్యాటరీ ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించి పెరిగే ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు లెక్కకు తీసుకుంటారు. ఇది తాసుతో తూచినంత కచ్చితమైన నియమం కాదు. అయినప్పటికీ అంచనాకు నమ్మదగినది. ఆ లెక్క ప్రకారం 25 డిగ్రీల వద్ద నాలుగేళ్లు పనిచేయవలసిన బ్యాటరీ, 35 డిగ్రీల వద్ద రెండేళ్లకు, 45 డిగ్రీల వద్ద ఏడాదికి చేరుకుంటుంది. మరో విధంగా చెప్పాలంటే, ఏప్రిల్, మే, జూన్ నెలల్లో బ్యాటరీ లోపలి వేడి సగటున 45 డిగ్రీలు ఉన్నట్లయితే ఆ మూడు నెలల్లోనే పన్నెండు నెలల ఆయుష్షు ఖర్చయినట్లు భావించవలసి ఉంటుంది.

ఇక్కడ పరిగణించవలసినది వాతావరణ కేంద్రం ప్రకటించే ఉష్ణోగ్రత కాదు, బ్యాటరీ లోపలి ఉష్ణోగ్రత. బానెట్ కింద ఇంజనుకు సమీపంలో ఉన్న బ్యాటరీ బయటి గాలి కంటె ఎంతో వేడెక్కుతుంది. లారీలో చాసిస్ పక్కన పెట్టెలో ఉండే బ్యాటరీకి ఇంజను సెగ తగలకపోయినా, ఎండకు కాగిన తారురోడ్డు సెగ తగులుతుంది. బరువైన బ్యాటరీ త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. కనుక పగటి గరిష్ఠం ఎంతన్నదానితో పాటు రాత్రి ఎంతవరకు చల్లబడినదన్నదీ ముఖ్యమే. డెల్టా ప్రాంతానికున్న అసలు ఇబ్బంది ఇదే. సముద్రపు తేమ వలన ఇక్కడ మే నెల రాత్రులు ఉక్కపోతగా ఉంటాయి. ఉష్ణోగ్రత పెద్దగా తగ్గదు. పగలంతా కాగిన బ్యాటరీ పూర్తిగా చల్లారకముందే తిరిగి తెల్లవారుతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రత ఇంచుమించు సమానమైనా, రాత్రులు బాగా చల్లబడే మెట్ట ప్రాంతాల్లో బ్యాటరీకి లభించే విరామం ఇక్కడ లభించదు.

వేడిమి చేసే హానిలో చాలా భాగం ఛార్జింగు ద్వారా జరుగుతుంది. నివారించగల భాగమూ అదే. బ్యాటరీ వేడెక్కినకొద్దీ తక్కువ వోల్టేజికే ఛార్జిని స్వీకరిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన వోల్టేజినే వేడిలోనూ కొనసాగిస్తే అవసరానికి మించిన కరెంటు లోపలికి పోతుంది. పలకలు నిండిన తరువాత ఆ కరెంటుకు మిగిలిన పని నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టడమే. దానితో నీటి మట్టం పడిపోతుంది, జాలీ తుప్పు హెచ్చుతుంది, బ్యాటరీ ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ మరింత కరెంటు లాగుతుంది. అందువలన ఉష్ణోగ్రతకు అనుగుణంగా ఛార్జింగు వోల్టేజిని సవరించాలని తయారీదారులు సూచిస్తారు. ఈ సవరణ ఒక్కో గదికి, ఒక్కో డిగ్రీకి 3 నుంచి 5 మిల్లీవోల్టుల వరకు ఉంటుంది. 4 మిల్లీవోల్టులు తీసుకుంటే ఆరు గదుల బ్యాటరీకి డిగ్రీకి 24 మిల్లీవోల్టులు తగ్గించాలి. 25 డిగ్రీల వద్ద 14.4 వోల్టులు ఇవ్వవలసిన బ్యాటరీకి 45 డిగ్రీల వద్ద 13.9 వోల్టులు చాలునన్నమాట. అర వోల్టు తేడా చూపునకు స్వల్పమే. కాని వేసవి మూడు నెలలూ, ప్రతిరోజూ గంటల తరబడి ఆ అర వోల్టు అదనంగా అందితే బ్యాటరీ లోపలి నీరంతా ఆవిరైపోవడానికి అది చాలు.

అలాగని వోల్టేజిని ఇష్టం వచ్చినట్లు తగ్గించడమూ తగదు. నగరంలో కొద్ది దూరాలు తిరిగే ఆటోలు, ట్రాఫిక్‌లో నిలిచి ఉండగానే ఏసీ, దీపాలు, హారను వాడే కార్లు మొదటే అరకొర ఛార్జితో నడుస్తుంటాయి. అరకొర ఛార్జితో వేడిలో ఉండిపోయిన బ్యాటరీ పలకలపై సల్ఫేటు స్ఫటికాలుగా గట్టిపడుతుంది. అలా గట్టిపడినది తరువాత ఎంత ఛార్జి చేసినా కరగదు. రెగ్యులేటరు మార్చినప్పుడు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల వద్ద వోల్టేజిని కొలిచి చూడడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు వెచ్చించని కారణంగా కొత్త బ్యాటరీ రెండో వేసవి చూడకుండానే పోవచ్చు.

ఛార్జింగు దుకాణాల్లో అనేక బ్యాటరీలను వరుసగా కలిపి ఒకే కరెంటు పంపే పద్ధతి ఉన్నది. ఇందులో కరెంటును సామర్థ్యంలో పదో వంతుకు, అనగా 100 యాంపియర్-గంటల బ్యాటరీకి 10 యాంపియర్లకు మించకుండా ఉంచడం ఆనవాయితీ. వరుసలో వేర్వేరు సామర్థ్యాల బ్యాటరీలు ఉంటే అన్నిటికంటె చిన్నదానిని బట్టి కరెంటును నిర్ణయించాలి. పెద్ద బ్యాటరీ నిండేవరకు ఆగితే చిన్నది అప్పటికే ఉడికిపోతుంది. ద్రవం వేడి 45 డిగ్రీలకు చేరితే కరెంటును సగానికి తగ్గించడం, 50 డిగ్రీలకు చేరితే ఛార్జింగు నిలిపి చల్లారనివ్వడం తప్పనిసరి. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఛార్జింగు మొదలుపెడితే ద్రవం ముందే 40 డిగ్రీలకు చేరువలో ఉంటుంది గనుక పరిమితికి మిగిలేది పది డిగ్రీలే. అదే పనిని సాయంత్రం తరువాత ప్రారంభించి, బ్యాటరీల మధ్య కొద్దిపాటి ఎడం ఉంచి, గాలి ఆడేలా చూస్తే అదనపు ఖర్చేమీ లేకుండా సగం సమస్య తీరుతుంది. మర్నాటి ఉదయానికి వాహనం కావాలనే డ్రైవరుకు కూడా ఇది అనుకూలమే. రెండు గంటల్లో ఛార్జి చేసి ఇవ్వాలని పట్టుబట్టేవారి విషయంలో మాత్రం దుకాణదారు మాట చెల్లడం కష్టమే.

గ్రావిటీ కొలతలో కూడా వేడిమి రెండు వైపులా మోసం చేస్తుంది. శీతల దేశాల్లో పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ గ్రావిటీ 1.280 ఉండాలని పుస్తకాల్లో కనిపిస్తుంది. ఉష్ణ దేశాల్లో చిక్కని ఆమ్లం పలకలను, వాటి మధ్య ఉండే సెపరేటర్లను త్వరగా తినివేస్తుంది గనుక, పైపైన నీరు పోసే రకం బ్యాటరీల్లో 1.240 ప్రాంతంలోని పలుచని ఆమ్లం వాడే పద్ధతి ఉన్నది. మనదేశంలో ఈ కొలతకు 27 డిగ్రీలను ప్రామాణిక ఉష్ణోగ్రతగా తీసుకుంటారు. అంతకు మించిన ప్రతి డిగ్రీకి 0.0007 చొప్పున కొలతకు కలపాలి. 42 డిగ్రీల వద్ద 1.230 చూపిన బ్యాటరీ నిజానికి 1.240తో నిండుగా ఉన్నట్లే. ఈ సవరణ చేయనివారు గ్రావిటీ తగ్గిందని భావించి యాసిడ్ పోస్తారు. ఆ పోసిన యాసిడ్ వేసవిలో పలకలకు అదనపు శత్రువు అవుతుంది. దీనికి భిన్నంగా, నీరు ఇంకిపోయిన బ్యాటరీలో మిగిలిన ద్రవం చిక్కబడి గ్రావిటీ ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి అది దాహంతో ఉన్న బ్యాటరీ. చూచేవారికి మాత్రం నిండుగా తోస్తుంది. కావున మొదట ద్రవం మట్టం, తరువాత ఉష్ణోగ్రత, ఆ తరువాతనే గ్రావిటీ చూడడం సరైన క్రమం. వోల్టు మీటరుతో చూచేవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. 1.280 గ్రావిటీ గల బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు సుమారు 12.7 వోల్టులు చూపితే, 1.240 గలది నిండుగా ఉండి కూడా 12.5 వోల్టులే చూపుతుంది. ఏ గాఢతతో తయారైనదో బ్యాటరీతో వచ్చిన సూచనల్లో చూడకుండా తీర్పు చెప్పరాదు.

ఆవిరై పోయేది నీరే గనుక తిరిగి పోయవలసినదీ నీరే, అదికూడా డిస్టిల్డ్ వాటరు మాత్రమే. డెల్టాలో తీరానికి చేరువవుతున్నకొద్దీ బోరు నీటిలో ఉప్పు శాతం పెరుగుతుంది. అందులోని క్లోరైడు జాలీని తినివేయగా, ఇనుము బ్యాటరీని లోలోపలే ఖాళీ చేస్తుంది. బందరు కాలువ నీరైనా, కుళాయి నీరైనా ఇందుకు పనికిరావు. నీటిని ఛార్జింగు ముగిసిన తరువాత గుర్తు వరకు నింపాలి. ముందుగానే నిండా పోస్తే వేడికి ద్రవం వ్యాకోచించి మూతల గుండా పొంగి, చుట్టుపక్కల ఇనుమును పాడుచేస్తుంది. పలకలు బయటపడేంతగా మట్టం తగ్గిన సందర్భంలో మాత్రం అవి మునిగేవరకు ముందు పోసి, మిగిలినది తరువాత పోయాలి. కొత్త ద్రవం తయారుచేసే చోట నీటిలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి తప్ప ఆమ్లంలోకి నీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ పోయరాదు. కలిపిన ద్రవం విపరీతంగా వేడెక్కుతుంది. అది చల్లారేవరకు బ్యాటరీలో నింపకూడదు.

నీరు పోసే అవసరం లేని సీల్డు బ్యాటరీలకు వేడిమి భయం లేదనే అభిప్రాయం విస్తృతంగా ఉన్నది. ఇది సరికాదు. వాటిలో వెలువడిన ఆక్సిజన్ లోపలే తిరిగి నీరుగా మారుతుంది. ఆ మార్పులోనూ వేడి పుడుతుంది. గాలి ఆడని బీరువాలోనో, ఏసీ చెడిపోయిన టెలికాం గదిలోనో ఉన్న సీల్డు బ్యాటరీకి నిరంతరం ఛార్జి అందుతుంటే, పుట్టే వేడి బయటకు పోయే వేడిని మించి, బ్యాటరీ పెట్టె ఉబ్బి, చివరకు చిట్లుతుంది. కోల్పోయిన నీటిని తిరిగి పోసే మార్గం ఇందులో లేకపోవడం మరో ప్రతికూలత. ఉబ్బిన సీల్డు బ్యాటరీని ఇంకా పనిచేస్తున్నది కదా అని కొనసాగించడం ప్రమాదకరం.

బ్యాటరీ పేలిన సంఘటనలపై వార్తలు వెలువడినప్పుడు 'ఎండవేడిమికి బ్యాటరీ పేలుడు' అనే శీర్షిక తరచు కనిపిస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ విషయంలో వేడిమి పరోక్ష కారణమే. పేలేది వాయువు. గాలిలో నాలుగు శాతం హైడ్రోజన్ చేరితే చిన్న మిణుగురు చాలు అంటుకోవడానికి. ఛార్జింగు ఆపకుండానే క్లిప్పు లాగడం, టెర్మినల్ వదులుగా ఉండడం, దగ్గరలో బీడీ వెలిగించడం వంటివి ఆ మిణుగురును అందిస్తాయి. నీరు తగ్గిన బ్యాటరీలో వాయువు నిలిచే ఖాళీ జాగా కూడా ఎక్కువే. అక్కడ మంటకంటె ఎక్కువ హాని చేసేది చిమ్మిన ఆమ్లం. కంట్లో పడిన వెంటనే కనీసం పావుగంట సేపు ధారగా మంచినీటితో కడిగి, ఆసుపత్రికి తరలించాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగుకు ఉంచిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు మరణించిన సంఘటన వేరు తరహాది. విద్యుత్ స్కూటర్లలో వాడే లిథియం బ్యాటరీల్లో అంటుకునేది బ్యాటరీ లోపలి పదార్థమే గనుక దాని నివారణ మార్గాలు కూడా వేరు. వార్తలో బ్యాటరీ ఏ రకానిదో పేర్కొనడం పాఠకుల జాగ్రత్తకు తోడ్పడుతుంది.

ప్రభుత్వ కార్యాలయాలు, పాఠశాలలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని ఇన్వర్టర్లకు పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. 2015 మే నెల వడగాలులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా మరణించారు. అటువంటి రాత్రి కరెంటు పోయినప్పుడు వార్డులో ఫ్యాను తిరగడం, ప్రసూతి గదిలో దీపం వెలగడం మెట్ల కింద ఎవరికీ పట్టని బ్యాటరీపైనే ఆధారపడి ఉంటుంది. ఆ మెట్ల కింది మూల, పడమటి గోడ పక్క, రేకుల వరండా సాధారణంగా బ్యాటరీకి దక్కే స్థలాలు. పడమటి ఎండ పడని, కిటికీ ఉన్న గదికి మార్చడం, నెలకొకసారి నీటి మట్టం చూచి ఆ తేదీని బ్యాటరీ పక్కనే కాగితంపై రాసి ఉంచడం ఒక ఉద్యోగికి బాధ్యతగా అప్పగించదగిన పనులు. వేసవికి ముందు, మార్చిలో, ఒకసారి నిజమైన లోడుతో ఎంతసేపు వస్తుందో పరీక్షించడం అవసరం. మే నెలలో చేసిన పరీక్ష వేడి వలన ఉన్నదానికంటె మెరుగైన ఫలితం చూపుతుంది. స్టోర్లలో నిల్వ ఉంచే కొత్త బ్యాటరీల విషయంలోనూ ఉదాసీనత కనిపిస్తుంది. స్వయంగా ఖాళీ అయ్యే వేగం కూడా ప్రతి 10 డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపవుతుంది గనుక, ముందుగా వచ్చినదాన్ని ముందుగా వాడడం, వేసవిలో నిల్వ ఉన్నవాటికి మధ్యమధ్య ఛార్జి పెట్టడం జరగాలి.

బ్యాటరీ త్వరగా పోవడం వలన నష్టం యజమాని జేబుతో ఆగదు. నాలుగేళ్లకు ఒకటి పోవలసిన చోట రెండు పోతే, కరిగించవలసిన సీసం రెట్టింపవుతుంది. సీసానికి సురక్షిత పరిమాణమంటూ ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. పిల్లల మెదడు ఎదుగుదలపై దాని ప్రభావం కోలుకోలేనిది. పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులు, డీలర్లపై మోపుతూ కేంద్ర ప్రభుత్వం 2001లో నియమావళి జారీ చేసింది. దాని స్థానంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం వాడిన బ్యాటరీని ఇతర చెత్తతో కలపకుండా వేరుగా ఉంచి, సేకరణ లేదా పునర్వినియోగ ప్రక్రియలో ఉన్న సంస్థకే అప్పగించడం వినియోగదారుని బాధ్యత. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని డీలరుకే ఇచ్చి ధరలో తగ్గింపు పొందడం అందరికీ తెలిసిన సులభ మార్గం. కొద్దిపాటి ఎక్కువ ధరకు ఆశపడి, ఆరుబయట పలకలు విరిచి కరిగించేవారికి అమ్మితే ఆమ్లం కాలువకు, పొగ ఇళ్లకు చేరుతుంది. కార్యాలయాలు పాత బ్యాటరీలను వేలం వేసేటప్పుడు అనుమతి గల పునర్వినియోగ సంస్థలకే పాల్గొనే అవకాశం కల్పించాలి. వేలం ముగిసేవరకు వాటిని మూతలు బిగించి, నిటారుగా, వాన తగలని గచ్చుపై నిల్వ ఉంచాలి.